మంజీర మడుగుల్లో యెండాకాలపు వేట

"నువ్వు చేప కోసం కూసున్నవా, చేప నీ కోసం కూసున్నదా?" అని మా బాపు అడిగేవాడు.

చిన్నతనంలో నేను గాలం పుచ్చుకుని పొద్దంతా మంజీర వొడ్డున కూర్చుని, చీకటి పడ్డాక వట్టి చేతులతో యింటికి చేరినప్పుడల్లా యిదే ప్రశ్న. అప్పుడు జవాబు చెప్పలేక తల వంచుకునేవాణ్ణి. ఇప్పుడు చెబుదామంటే బాపు లేడు. నాకే డెబ్భయ్యేళ్లు దగ్గర పడ్డాయి.

నా వుద్యోగమంతా హైదరాబాదులో బడిపంతులుగా గడిచిపోయింది. పింఛను పుచ్చుకుంటూ, పేపరు చదువుకుంటూ, మనవరాలి లెక్కలు దిద్దుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను. మనవరాలికి పదకొండేళ్లు. చేపల్లో దానికి తెలిసినవి రెండే రకాలు. ఒకటి గాజుపెట్టెలో దీపం కింద తిరిగేది. రెండోది వేపుడై పళ్లెంలోకి వచ్చేది. ఈ రెంటికీ నడుమ ఒక నది వుంటుందనీ, ఆ నదిలో నడుముల దాకా దిగి నిలబడే మనుషులుంటారనీ చెబితే, "నిజమా తాతా?" అని నవ్వింది. సరే, చూపిస్తానన్నాను.

2025 మే నెల రెండో వారం. "ఈ యెండల్లో పసిదాన్ని వెంటబెట్టుకుని వేటకు బయలుదేరతారా? మతి వుండే మాట్లాడుతున్నారా?" అన్నది మా ఆవిడ. ఆమె మాట పెడచెవిని పెట్టడం నాకు కొత్త కాదు. అయితే ఈసారి ఆమె భయం దాదాపు నిజమయింది. ఆ సంగతి ముందే వొప్పుకుని, కథ మొదటి నుంచి చెబుతాను.

కామారెడ్డి నుంచి

సికింద్రాబాదు నుంచి మన్మాడు వైపు పోయే రైలు మార్గంలో కామారెడ్డి పెద్ద స్టేషను. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు యేర్పడినప్పుడు అదే పేరుతో జిల్లా అయింది. అంతకుముందు మేమంతా నిజామాబాదు జిల్లా వాళ్లం. కామారెడ్డిలో దిగి బస్సు యెక్కి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి చేరాలి. దారి పొడుగునా మోదుగ చెట్లు, టేకు చెట్లు, యెండి నెర్రెలిచ్చిన చెరువులు. చెరువు నడుమ మిగిలిన చిన్న గుంటలో గేదెలు ముక్కులు మాత్రం పైకి పెట్టి పడుకున్నాయి. "చేపలెక్కడున్నయి తాతా?" అని మనవరాలు కిటికీలోంచి చూస్తూ అడుగుతూనే వున్నది.

ఎల్లారెడ్డికి పడమరగా మంజీర. ఆ వొడ్డున మా వూరు. ఊళ్లో మా యిల్లు కూలిపోయి చాలా యేళ్లయింది. అయినా మాకు దిగడానికి ఒక గడప వున్నది. గంగపుత్రుల వాడలో నాకంటే మూడేళ్లు పెద్దవాడయిన మిత్రుడున్నాడు. ఆయన్ని నేను "అన్నా" అంటాను, ఆయన నన్ను "తమ్మీ" అంటాడు. ఆయన కులవృత్తి చేపల వేట, నాది చదువు. ఇద్దరం ఒకే బడిలో కూర్చున్నాం. ఆయన మూడో తరగతిలో లేచి నదికి పోయాడు, నేను కూర్చునే వుండిపోయాను. అంతే తేడా.

"యెండల్ల అల్లాడుకుంట వస్తివా తమ్మీ! బిడ్డను సుత తెచ్చినవు. రా బిడ్డా, మంచినీళ్లు తాగు" అని పీట వేశాడు. వదినె వాకిట్లో వేపచెట్టు నీడన వల అల్లుతున్నది. మనవరాలు మంచినీళ్ల మాట మరిచి ఆమె పక్కన చతికిలబడింది.

తిరుగుబోతు నది

మంజీర సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. మహారాష్ట్రలో బాలాఘాటు కొండల్లో పుట్టి, లాతూరు, బీదరు ప్రాంతాల మీదుగా తూర్పుకు నడుస్తుంది. మన సంగారెడ్డి జిల్లాలో ప్రవేశించి కొంత దూరం వచ్చాక, యింట్లో యేదో మరిచిపోయిన మనిషిలాగ వెనక్కు మళ్లి వుత్తరం పడుతుంది. మెదకు దగ్గర యేడుపాయల దుర్గమ్మను చూసుకుని, మా ఎల్లారెడ్డి, బాన్సువాడ ప్రాంతాలు తడిపి, చివరికి తెలంగాణాకూ మహారాష్ట్రకూ కొంత మేర సరిహద్దుగా నిలిచి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. మొత్తం ప్రయాణం 724 కిలోమీటర్లు.

ఈ నది మీద నిజాంసాగరం కట్టడం 1923లో మొదలుపెట్టి 1931లో ముగించారు. ఏడవ నిజాము కాలం అది. నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు ఆనాటి ఇంజనీరు. ఆ జలాశయం కోసం నలభై దాకా పల్లెలు లేచిపోయాయి. ఆ నీళ్లతో బోధను చుట్టూ చెరకు పండింది. అది కట్టినప్పుడు దాదాపు ముప్పయి టీఎంసీల నీరు పట్టేది. పూడిక పడి, పడి, 1970 ప్రాంతంలో పన్నెండుకు దిగిపోయింది. తరువాత గేట్ల యెత్తు పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చారు. ఎగువన సింగూరు జలాశయం వచ్చినప్పటి నుంచి, హైదరాబాదు దాహం తీరగా మిగిలిన నీరే మా దాకా వస్తున్నది.

అందుచేత యెండాకాలం వచ్చేసరికి మంజీర నదిలాగ వుండదు. ఇసుకలో పేర్చిన అద్దం ముక్కల్లాగ మడుగులు మిగులుతాయి. నదిలోని చేపలన్నీ ఆ మడుగుల్లోకి చేరతాయి. వానాకాలంలో మైళ్ల పొడుగునా తిరిగిన చేప యెండాకాలంలో ఒక గదిలో కాపురం పెట్టినట్లన్నమాట. వేటగానికి యిదే అదను. చేపకు యిదే గండం.

తెల్లవారుజాము

"చేపకు రెండు జాములే ఆకలైతది బిడ్డా. పొద్దు పొడవంగ ఒకటి, పొద్దు గూకంగ ఒకటి. నడిమిట్ల మనమే పండుకోవాలె" అన్నాడు అన్న.

నాలుగున్నరకే లేచి నదికి నడిచాం. ఇసుక యింకా చల్లగానే వున్నది. మడుగు మీద అక్కడక్కడా చిన్న చిన్న సుడులు. చేపలు మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. మనవరాలు సంబరపడి, "అవి మనల్ని పిలుస్తున్నాయి తాతా" అన్నది.

పిలవడం కాదు, వూపిరాడక. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. పైగా నీటిలోని నాచు, మొక్కలు పగలు ప్రాణవాయువు విడిచినా, రాత్రంతా తామే దాన్ని పీల్చుకుంటాయి. కనుక తెల్లవారు జామున నీటిలో వూపిరికి కరువు. పాఠం చెప్పే అలవాటు పోదు గనుక నేను యిదంతా వివరిస్తుంటే, అన్న విని, "గంత కథ వున్నదా తమ్మీ? మేం 'నీళ్లు మాగినయి' అంటం, గంతే" అన్నాడు. ఆయన రెండు మాటల్లో నా పాఠమంతా వున్నది.

మనవరాలికి సన్నని వెదురు కర్ర, ఒక బెండు, చిన్న గాలం యిచ్చాడు. తడి మన్ను తవ్వి యెర్రలు తీశాడు. మొదట "ఛీ" అన్న పిల్లే పావుగంటలో తన చేత్తో యెర గుచ్చింది. బెండు నిటారుగా నిలబడితే చేప లేదని, చిన్నగా కొట్టుకుంటే పరకలు కొరుకుతున్నాయని, ఒక్కసారిగా పక్కకు జరిగి మునిగితే పెద్దది పట్టిందని నేర్పాడు. మొట్టమొదట పడ్డది బొటనవేలంత పరక. మనవరాలు వేసిన కేకకు అవతలి వొడ్డున కొంగలన్నీ లేచిపోయాయి.

అన్న విసురువల తీశాడు. ఒక అంచు పంటితో కరిచి, ఒక మడత మోచేతి మీద వేసుకుని, నడుము తిప్పి విసిరితే, వల గాలిలో గొడుగులాగ విచ్చుకుని నీటి మీద గుండ్రంగా పడింది. అంచున వున్న గుండ్ల బరువుకు వెంటనే మునిగింది. డెబ్భయి దాటిన చేతులవి! నేనూ ఒకసారి విసిరాను. అది గొడుగులాగ పడలేదు, మూటలాగ పడింది. నాతోబాటు నేనూ పడ్డాను. మనవరాలు నవ్వి నవ్వి గాలం వొదిలేసింది.

ఆ పొద్దు వలలో జెల్లలు, పరకలు, రెండు రవ్వలు, ఒక బొచ్చె పడ్డాయి. చేయి పొడుగు వాలుగ ఒకటి చిక్కి, వల చించుకుని పోయింది. బెత్తెడు లేని పిల్లలన్నింటినీ అన్న యేరి మళ్లీ నీళ్లలో వేశాడు.

తల్లి కొర్రమీను

తిరిగి వస్తుండగా మడుగు మూల, తుంగ మొలిచిన చోట, నీటి మీద యెర్రగా కుంకుమ చల్లినట్లు కనిపించింది. దగ్గరికి పోయి చూస్తే అది కదులుతున్నది. వందల కొద్దీ నలుసుల్లాంటి పిల్లలు ఒక ముద్దగా పైకి లేస్తున్నాయి, మునుగుతున్నాయి. వాటి కింద నల్లని నీడ ఒకటి.

"కొర్రమట్ట" అన్నాడు అన్న గొంతు తగ్గించి.

కొర్రమీను మన తెలంగాణా రాష్ట్ర చేప. నీటిలోనే కాక పైకి వచ్చి గాలి కూడా పీలుస్తుంది. అందుకే చెరువు యెండినా బురదలో చాలా రోజులు ప్రాణం నిలబెట్టుకుంటుంది. మార్కెట్టులో బుట్టలో పెట్టినా బతికే వుంటుంది గనుక దానికి ధర కూడా హెచ్చు. మిగతా చేపల్లాగ గుడ్లు పెట్టి తన దారిన పోదు. పిల్లలు పెద్దవయ్యేదాకా గుంపు కింద కాపలా తిరుగుతుంది. పిల్లల జోలికి వస్తే కప్పనయినా, కర్రనయినా మీదపడి కరుస్తుంది.

ఆ కోపమే దాని కొంప ముంచుతుంది. పిల్లల గుంపు మీద కప్పను గుచ్చిన గాలం ఆడిస్తే చాలు, తల్లో తండ్రో వచ్చి కరుచుకుంటుంది. ఇంత సులువైన వేట మరొకటి లేదు.

నీడను చూస్తే మూడు శేర్లకు తక్కువ తూగదు. పొద్దున పట్టిందంతా కలిపినా దాని ధర రాదు. నేను అన్న ముఖం వైపు చూశాను. ఆయన కొడుకు దుబాయి పోవడానికి చేసిన అప్పు యింకా తీరలేదని ముందు రాత్రే వదినె చెప్పింది.

అన్న వల భుజాన వేసుకుని నడక సాగించాడు.

"పట్టవా తాతా?" అన్నది మనవరాలు.

"దాన్ని వడితె గా పిల్లలను జెల్లలు, కొంగలు ఒక్క పూటల మింగుతయి బిడ్డా. గిప్పుడు ఒక్కటి దొరుకుతది. వచ్చే యేడు వంద పోతయి. లెక్క నువ్వే చెయ్యి, మీ తాత లెక్కలు నేర్పిండు గద!"

మనవరాలు ఆ సాయంత్రం దాకా ఆ లెక్క చేస్తూనే వున్నది.

ఇది నాకు తెలిసిన మంజీర కాదు

రెండో రోజు సాయంత్రం. పొద్దు వాలుతున్నది. అన్న అవతల పక్క థర్మోకోలు తెప్ప మీద కూర్చుని, వెదురు గడతో తోసుకుంటూ వల దించుతున్నాడు. ఇవతల వొడ్డున మనవరాలు, నేను. ఎర యేదో పెద్దది లాగింది. దారం తెగి, బెండు నీటి మీద తేలుతూ పోతున్నది.

"నా బెండు!" అని పిల్ల నీళ్లలో దిగింది. మోకాళ్ల లోతే గదా అని నేను వారించలేదు. ఆ చోట మా చిన్నప్పుడు మేకల్ని కడిగేవాళ్లం. అక్కడ మొలలోతుకు మించదని నాకు తెలుసు. నాకు తెలుసు గనుకనే కూర్చున్న చోటు నుంచి కదలలేదు.

నాలుగడుగులు వేసింది. అయిదో అడుగుకు పిల్ల కనిపించలేదు.

నేను యెలా లేచానో, యెలా దిగానో నాకు గుర్తు లేదు. గొంతులోంచి మాట రాలేదు. నాలుగడుగుల దాకా కాలికి ఇసుక తగిలింది. ఆ తరువాత నేల లేదు. చిన్నప్పుడు నది అడ్డంగా ఈదిన చేతులు రెండు బారలకే రాళ్లయిపోయాయి. ఒకసారి దాని జడ, ఒకసారి చేయి పైకి వచ్చాయి. అందుకోలేకపోయాను.

"కర్ర వట్టుకో బిడ్డా! కర్ర వట్టుకో!"

తెప్ప వచ్చి మా నడుమ నిలిచింది. అన్న బోర్లా పడుకుని వెదురు గడను నీళ్లలోకి చాచాడు. చిన్న చేతులు రెండు గడను పట్టుకున్నాయి. ఇంకో చేత్తో నా చొక్కా పట్టుకున్నాడు. ముగ్గురం యెలాగో ఇసుక మీద పడ్డాం.

పిల్ల నీళ్లు కక్కి, దగ్గి, ఏడ్చింది. ఆ ఏడుపు విన్నంత సంతోషంగా నేను దేన్నీ వినలేదు.

అన్న నా మీద విరుచుకుపడ్డాడు. అరవయ్యేళ్ల స్నేహంలో ఆయన కోపం అదే మొదటిసారి చూడడం. "యేం జూసి దిగనిచ్చినవు? యాభయ్యేండ్ల కిందటి మంజీర అనుకున్నవా? ఇది నీకు తెలిసిన మంజీర గాదు తమ్మీ! మిషన్లు వెట్టి ఇసుక తోడినంక యాడ గొయ్యి వున్నదో మాకే యెరుక లేదు. రోజు గడతోని పొడుసుకుంట నడుస్తం."

నేను మాట్లాడలేదు. మాట్లాడడానికేమున్నది? ఇసుక తవ్విన గోతుల్లో నీరు నిండి, పైన అంతా ఒకే అద్దంలాగ కనిపిస్తుంది. మొలలోతు పక్కనే రెండు నిలువుల లోతు. గేదెలూ, పశువుల కాపరులూ, యీతకు దిగిన పిల్లలూ ఆ గోతుల పాలవుతూనే వున్నారు. యెండాకాలం సెలవుల్లో పిల్లల్ని నదికి తీసుకుపోయే తలిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే: మీ చిన్ననాటి నదిని నమ్మకండి. ఆ వూరి జాలరిని అడిగి, ఆయన చూపిన చోటనే దిగండి. చేతిలో గడ లేకుండా దిగకండి.

ఆ రాత్రి మా ఆవిడకు ఫోను చేసి అంతా చెప్పాను. దాచే ధైర్యం లేకపోయింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆ అన్నగారికి నా దండాలు చెప్పండి" అన్నది. నా సంగతి యేమీ అనలేదు. అదే పెద్ద శిక్ష.

నది యిచ్చే కూడు

మరునాడు వేటకు పోలేదు. వేపచెట్టు నీడన కూర్చున్నాం. మనవరాలు వదినె దగ్గర వల ముడి నేర్చుకుంటున్నది. కదురులాంటి చెక్కకు దారం చుట్టి, చిన్న పలక మీద కన్ను కొలిచి, ముడి బిగించడం. పలక యెంత వెడల్పో వల కన్ను అంత.

"కన్ను సన్నగ వెడితె యెక్కువ చేపలు వడతయి గద?" అని అడిగింది పిల్ల.

"పడతయి. రేపు యేం వడతయి?" అన్నది వదినె.

నాకీ కుటుంబం లెక్క అప్పటికి తెలిసింది. జలాశయాల్లో, చెరువుల్లో చేపలు పట్టే హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. బొచ్చె, రవ్వ వంటి పెద్ద చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వరద నీటిలో యెదురీది పోతేనే పెడతాయి. కనుక చెరువుల్లో యేటేటా పిల్లల్ని తెచ్చి వదలాలి. ఒకప్పుడు ఆ పిల్లల్ని పెద్ద నదుల్లో వల వేసి యేరి తెచ్చేవారు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురీ, ఆలికున్హీ అనే శాస్త్రజ్ఞులు చేపకు సూదిమందు యిచ్చి, కట్టు నీటిలోనే గుడ్లు పెట్టించారు. ఇప్పటికీ జూలై 10ని దేశంలో చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నారు. తెలంగాణా ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో వుచితంగా చేపపిల్లల్ని వదిలించే పథకం పెట్టింది.

ఇదంతా బాగానే వుంది. కాని నీళ్లుండాలి గదా? 2016 యెండాకాలంలో సింగూరు యెండింది, నిజాంసాగరం అడుగంటింది. ఆ యేడు అన్న వల అటక మీద పెట్టి, వదినెతో కలిసి కామారెడ్డిలో ఇళ్లు కట్టే చోట ఇటికెలు మోశాడు. ఆ సెప్టెంబరు ఆఖరున ఒక్క వారం వానలకు రెండు జలాశయాలూ నిండాయి. "నీళ్లు వచ్చినయని తెలిసిన నాడు తట్ట ఆడనే పారేసి వచ్చిన" అని నవ్వాడు.

నీళ్లున్నప్పుడు మరో బెడద. రాత్రిపూట దొంగచాటుగా వచ్చి మందుగుండు పేల్చేవాళ్లు, నీళ్లలో విషం కలిపేవాళ్లు, కరెంటు తీగ దించేవాళ్లు వుంటారు. మందుగుండూ విషమూ కూడదని 1897లోనే చట్టం చేశారు. చట్టానికి నూట పాతికేళ్లు దాటాయి, దొంగలకు దాటలేదు. ఒక్క పేలుడుకు తేలేవి పది చేపలయితే, అడుగున చచ్చి కుళ్లేవి వంద. పిల్లలు, గుడ్లు, కొర్రమట్ట కాపలా, అన్నీ ఒక్క క్షణంలో సరి.

"మరి మీ మనవడు యీ పని చేస్తాడా అన్నా?" అని అడిగాను.

"చదువుకుంటున్నడు. చదువుకోనీ. గని యీత నేర్పిన, గడ వట్టుడు నేర్పిన. నది యెరుకలేనోడు నది పక్కన వుండొద్దు తమ్మీ."

మృగశిర

రోహిణి కార్తె యెండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ తరువాత మృగశిర. జూన్ 8 ప్రాంతంలో కార్తె ప్రవేశించిన నాడు చేప తినాలని మా వైపు ఆచారం. హైదరాబాదులో ఆ రోజున బత్తిని వారు వుబ్బసం రోగులకు చేప ప్రసాదం వేస్తారు. 1845 నుంచి వస్తున్న వాడుక అంటారు. దానిలో వాడేది కొర్రమీను పిల్లే. వైద్యులు దాన్ని మందుగా వొప్పుకోరు, అయినా జనం రాక మానరు. ఆచారం మాట యెలా వున్నా, మృగశిర తరువాత తొలి వానలకు వాగులు పారతాయి, చేపలు గుడ్లతో నిండి యెదురెక్కుతాయి. అప్పుడు వల అటక యెక్కాలి. వాటి కాలంలో వాటిని వదిలేయాలి. మృగశిర భోజనం యెండాకాలపు వేటకు మంగళ హారతి అనుకోవచ్చు.

మేము వచ్చేస్తుండగా అన్న ఆకులో చుట్టి రెండు యెండు చేపల కట్టలు యిచ్చాడు. వదినె మనవరాలికి ఒక చెక్క కదురు, పలక, కొంచెం దారం యిచ్చింది. డబ్బు యివ్వబోతే యిద్దరూ కోప్పడ్డారు.

ఆగస్టు నెల

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లా మీద ఆకాశం విరిగి పడింది. పట్నంలో కాలనీలు మునిగాయి. రైలుకట్ట కింద మట్టి కొట్టుకుపోయి బళ్లు ఆగిపోయాయి. ఎల్లారెడ్డి దగ్గర, మంజీరలో కలిసే వాగు మీద 1922లో పూర్తయిన పోచారం ఆనకట్ట మీదుగా వరద పొంగి పోతుంటే, అది నిలుస్తుందా, పోతుందా అని జనం రాత్రంతా మేలుకున్నారు. వందేళ్లు దాటిన ఆ కట్ట నిలిచింది. నిజాంసాగరం గేట్లు యెత్తారు.

రెండు రోజుల దాకా అన్న ఫోను పలకలేదు. మనవరాలు బడి నుంచి రాగానే, "ఫోను కలిసిందా?" అని అడిగేది. మూడో రోజు కలిసింది.

"బతికే వున్నం తమ్మీ. ఇంట్ల నీళ్లు వచ్చినయి. బడిల వుంటున్నం. తెప్ప వోయింది, వలలు మూడు వోయినయి. చెరువులల్ల పెంచిన చేప కట్ట దాటి పోయింది, గదే పెద్ద దెబ్బ."

ఏం మాట్లాడాలో తోచక, "డబ్బు పంపుతానన్నా" అన్నాను.

"పైసలు వద్దు. ఈ సారి వచ్చేటప్పుడు వలదారం తీసుకరా. మీ వదినె అల్లుతది."

ఇంతలో మనవరాలు ఫోను లాక్కున్నది. "తాతా, మన కొర్రమట్ట యేమయింది? దాని పిల్లలు?"

అవతల నుంచి నవ్వు వినిపించింది. "వరద వచ్చిందని మనకు బాధ గని, చేపకేం బాధ బిడ్డా? పిల్లలు పెద్దగయినయి గద. యెదురెక్కి పోయి వుంటయి. నీళ్లు తీసినంక మడుగులకే వస్తయి, యాడికి వోతయి?"

ఆ ఆదివారమే బజారుకు పోయి రెండు కిలోల వలదారం తెచ్చాను. పది రోజులు పోయాక చూస్తే అందులో ఒక వుండ తక్కువ. మనవరాలు కిటికీ చువ్వకు ఒక కొస కట్టి, పలక మీద కన్ను కొలుస్తూ వల అల్లుతున్నది. మూరెడయింది. కొన్ని ముడులు జారాయి, కొన్ని వంకరగా వున్నాయి. కన్ను మాత్రం వెడల్పుగానే పెట్టింది.

"ఇంత పెద్ద కన్ను పెడితే పరకలు పడవు గదే" అన్నాను నవ్వుతూ.

"పడొద్దు తాతా" అన్నది తల యెత్తకుండానే. "యెండాకాలం దాకా టైమున్నది గద."

బాపు వుంటే మళ్లీ ఆ ప్రశ్నే అడిగేవాడు. ఈసారి తల వంచుకోను. చేప కోసమే కూర్చున్నాం బాపూ, మేమిద్దరమూ, మంజీరకు నీళ్లు తీసే దాకా.